చందు పేరుకు పలికినవాడు

తవిటయ్యకు ఐదు గొంతులున్నాయని కంచరపాలెంలో అతన్ని ఎరిగినవాళ్లంతా చెబుతారు. పోర్టులో ఎరువుల బస్తాలు దించే కాంట్రాక్టు గ్యాంగులో ఇరవై రెండేళ్లుగా కళాసీ పని అతనిది. చదువు నాలుగో తరగతి దగ్గరే ఆగిపోయింది. మనిషి గట్టివాడే గానీ గ్యాంగులో అతనికంటే గట్టివాళ్లు పదిమంది ఉన్నారు. అతనికంటూ చెప్పుకోదగ్గ విద్య ఒక్కటే. పొద్దున్న మస్టరు వేసేటప్పుడు రానివాడి పేరు పిలిస్తే, ఆ రానివాడి గొంతుతోనే పలికేవాడు.

ఇదేం విద్య అని ముక్కు విరిచేవాళ్లు ఆ షెడ్డు ముందు ఒక్క పొద్దున్న నిలబడి చూడాలి. గేటు దగ్గర ఎన్ని హాజరు మిషన్లు పెట్టినా, గ్యాంగును వరసగా నిలబెట్టి పేర్లు పిలిచే పద్ధతి మాత్రం పోలేదు. ఏ ఓడ మీదికి ఎవరు, ఏ లారీ మీదికి ఎవరు అన్నది తేలేది అప్పుడే. పేరు పిలిచినప్పుడు పలకనివాడికి ఆ పూట పని లేదు, ఇంటికి పోవడమే. కంచరపాలెంలో రైలు గేటు పడి, దాని మీద ఓ గూడ్సు బండి నింపాదిగా నిలబడిపోతే అటువైపు ఉన్న మనిషి ఏం చేస్తాడు? అందుకని గ్యాంగులో ఎవరూ రాయని కట్టుబాటు ఒకటి ఉండేది. రానివాడి పేరుకు వచ్చినవాడు పలకాలి. ఇవాళ నీకు నేను, రేపు నాకు నువ్వు. దీనికి టీ కూడా ఇప్పించుకోకూడదు. ఇందులో తవిటయ్యను మించినవాడు లేడు. ఒకడికి బొంగురుగా, ఒకడికి ముక్కుతో, ఒకడికి నిద్రమొహంతో, ఇలా ఎవరి గొంతు వాళ్లకు అప్పజెప్పేవాడు.

పేర్లు పిలిచేది సూపర్‌వైజరు సుందర్ రాజ్. ముక్కు కొసకు జారిన కళ్లజోడు, చేతిలో పుస్తకం. పిలుస్తున్నంతసేపూ తల ఎత్తడు. టిక్కు పెట్టడం, తర్వాతి పేరు పిలవడం, అంతే. పాపం సారుకి చెముడనీ, చత్వారమనీ గ్యాంగంతా నవ్వుకునేవారు.

తవిటయ్య అందరికంటే ఎక్కువగా పలికింది చందు పేరుకు. చందు అతని చెల్లెలు గౌరీశ్వరి మొగుడు. పాలకొండ దగ్గర నాగావళి ఒడ్డున ఓ పల్లెలో పుట్టినవాడు. పెళ్లయ్యాక పొలం పని చాలక వైజాగ్ వస్తానంటే, తవిటయ్యే తీసుకొచ్చి గ్యాంగులో పెట్టించాడు, రెండు వీధుల అవతల ఇల్లు చూసి పెట్టాడు. మంచివాడు, నవ్వితే పళ్లన్నీ కనబడతాయి, పాట మొదలుపెడితే ఆపడు. కానీ పొద్దున్న లేవడమంటే మాత్రం వల్లమాలిన బద్ధకం. వారానికి రెండు మూడు సార్లు ఆ పేరుకు పలకడం తవిటయ్యకు ఎంత అలవాటైపోయిందంటే, ఓసారి ఆసుపత్రిలో కాంపౌండరు వేరే ఎవరినో ‘చందూ’ అని పిలిస్తే, బెంచీ మీద కునుకు తీస్తున్నవాడు కళ్లు తెరవకుండానే “ఉన్నాన్సార్” అన్నాడు. పక్కనే కూర్చున్న గౌరీశ్వరి పొట్ట పట్టుకుని నవ్వింది. “నా మొగుడి పేరుకి పని సెయ్యడానికి ఆయనా, పలకడానికి నువ్వూనా అన్నియ్యా!” అంది. 

ఏటా గ్యాంగంతా కలిసి పిక్నిక్కుకి వెళ్లడం ఆనవాయితీ. కార్తీకమాసంలో నీచు ముట్టనివాళ్లు సగం మంది. కోడి లేకుండా పిక్నిక్కేమిటని మిగతా సగం. ఈ గొడవ పడలేక పోలి పాడ్యమి దాటాక వచ్చే మొదటి ఆదివారమని రాజీ కుదుర్చుకున్నారు. ఎప్పుడూ రుషికొండకో, ఇంకాస్త అవతలికో పోయి ఇసకలో వండుకు తిని వచ్చేవాళ్లు. ఆ ఏడు చందు పట్టుబట్టాడు. ఫోనులో ఎవరో తీసిన వీడియో చూపించి, “ఎప్పుడూ సముద్రమేటి బావా? రోజూ దాని పక్కనే బస్తాలు మోత్తన్నాం గదా. ఈపాలి కొండల్లో నీళ్లు సూద్దాం” అన్నాడు.

అలా వెళ్లారు కొర్రగెడ్డ చెరువుకి. పాడేరు ఘాటీ ఎక్కాక ఇంకో రెండు గంటలు, చివర్లో మట్టిరోడ్డు. చెరువంటే మన ఊళ్లలో ఉండే చెరువు కాదు. ఎప్పుడో ఓ గెడ్డకి, అంటే కొండవాగుకి, అడ్డంగా కట్ట వేస్తే మూడు కొండల మధ్య నిండిపోయిన నీళ్లు. ఒడ్డున దుకాణం లేదు, మనుషులు లేరు, ఫోన్లలో సిగ్నల్ లేదు. అవతలి గట్టు వెనకాల పది పన్నెండు ఇళ్ల గిరిజన పల్లె ఒకటి. నీళ్ల మధ్యలో చిన్న దిబ్బ, దాని మీద నాలుగైదు చెట్లు. పదకొండు గంటలకు బస్సు దిగేసరికి ఇంకా మంచు పూర్తిగా విడలేదు. ముప్ఫై ఇద్దరు మగాళ్లు, అందులో మనవళ్లను ఎత్తిన వాళ్లున్నారు, ఆ నీళ్లు చూసి కేకలు పెట్టుకుంటూ పరిగెత్తారు.

తవిటయ్యకు ఈత రాదు. మోకాలి లోతులో కూర్చుని ఒళ్లు తడుపుకుంటున్నవాణ్ని చందు ఊరుకోనిచ్చాడా! లారీ ట్యూబు ఒకటి తెచ్చి అందులో కూలేశాడు. దానికో తాడు కట్టి, కొస నడుముకు చుట్టుకుని, ఒడ్డు వెంబడే ఈదుకుంటూ లాక్కుపోయాడు. మొదట తవిటయ్య బూతులు తిట్టాడు. తర్వాత నోరు మూసుకుని వెల్లకిలా పడుకున్నాడు. పైన ఆకాశం, చుట్టూ కాఫీ తోటల కొండలు, వీపు కింద చల్లటి నీళ్లు. పన్నెండో ఏట మొదటి మూట ఎత్తినప్పటినుంచీ మోయడమే తప్ప, తనని ఒకరు లాక్కుపోవడం ఎరగడు. ఇంత వయసొచ్చాక ఇంత హాయి ఒకటి ఉందని తెలిసింది. “బావా, ఇంకో సుట్టు లాగరా” అని చిన్నపిల్లాడిలా అడిగాడు. చందు ఇంకో చుట్టు లాగాడు.

భోజనాలయ్యాయి. కోడి కూర, దాని ముందూ వెనకా కాస్త మందు. తవిటయ్య ఓ చెట్టు కింద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. కళ్లు మూతపడుతుంటే చందు వచ్చి భుజం తట్టాడు.

“బావా, నాను ఆ దిబ్బ మీదకి ఎల్లొత్తాను.”

“ఇప్పుడేటిరా? నీళ్లు సల్లగున్నాయి. ఎల్లకు.”

“నాగావళి ఈదినోణ్ని, ఇదో లెక్కా? పైకెక్కి ఓపాలి సుట్టూ సూసొచ్చేత్తాను.”

“బస్సు టైమయిపోతాది.”

“లేటయితే నువ్వున్నావు గదా!” అన్నాడు చందు పళ్లన్నీ బయటపెట్టి.

తవిటయ్య నవ్వాడు. ఊఁ అన్నట్టు చెయ్యి ఊపాడు. నిద్రలోకి జారిపోతూ చూసిన ఆఖరి చూపు, చందు చొక్కా, లుంగీ విప్పి తలకు పాగాలా చుట్టుకోవడం. నాగావళి ఒడ్డు మనుషులు ఏరు దాటేది అలాగే. బట్టలు తడవకుండా అవతలి గట్టుకు పోయి కట్టుకుంటారు. అందుకే ఒడ్డున చందు బట్టలు మిగల్లేదు. ఫోనూ చెప్పులూ అంతకుముందే సంచిలో పెట్టి బస్సులో పడేశాడు. గట్టు మీద ఒక మనిషి తక్కువ అని చెప్పడానికి ఒక్క గుడ్డపేలిక కూడా లేదు.

హారను మోతకు తవిటయ్య లేచాడు. కొండ వెనక్కి పొద్దు దిగిపోయింది. చలికాలం, ఆ కొండల్లో ఐదింటికే చీకటి మసక. అందరూ గిన్నెలూ బానలూ ఎత్తుకుని పరిగెడుతున్నారు. తల దిమ్ముగా ఉంది. నడుచుకుంటూ పోయి బస్సు వెనక సీట్లో కూలబడి కిటికీకి తల ఆన్చాడు. చందు గురించి తలచుకోలేదా అంటే, తలచుకున్నాడు. ముందు డ్రైవరు క్యాబినులో ఉంటాడనుకున్నాడు. ఘాటీలో కడుపులో తిప్పుతుందని వచ్చేటప్పుడు కూడా చందు అక్కడే కూర్చున్నాడు మరి.

సుందర్ రాజ్ బస్సు మెట్ల దగ్గర లైటు కింద నిలబడి కాగితం తీశాడు. పోర్టులో పిలిచిన వరసలోనే పేర్లు పిలిచాడు. ఒకటి తర్వాత ఒకటి పలుకుతున్నాయి.

“చందూ.”

ఎవరూ పలకలేదు. ఒక్క క్షణం, అంతే. వెనక సీట్లోంచి, కళ్లు మూసుకునే, చందు గొంతుతోనే తవిటయ్య నోరు పలికింది.

“ఉన్నాన్సార్.”

టిక్కు పడింది. తర్వాతి పేరు పిలిచారు. బస్సు కదిలింది.

తవిటయ్య దారంతా నిద్రపోయాడు. ఘాటీ దిగాక టీకి ఆగినప్పుడు కూడా దిగలేదు. దిగినవాళ్లలో చందు కనబడకపోతే, వాడూ బావతోపాటు వెనక పడుకున్నాడనుకున్నారు. రాత్రి పదిన్నరకు కంచరపాలెం మెట్టు దగ్గర బస్సు ఆగింది. కూతురు జ్యోతిర్మయిని వెంటబెట్టుకుని గౌరీశ్వరి అక్కడ నిలబడి ఉంది. దిగుతున్న ప్రతి మొహాన్నీ చూసింది. అందరికంటే ఆఖరున తవిటయ్య దిగాడు. అతని వెనక ఇంకెవరూ లేరు.

“మీ బావేడన్నియ్యా?” అంది.

అప్పుడు తెలిసింది తవిటయ్యకి. మిగతా వాళ్లు బస్సెక్కి సీట్ల కింద కూడా వెతుకుతున్నారు గానీ, అతనికి వెతకక్కర్లేకుండానే తెలిసిపోయింది. రోడ్డు మీద చతికిలబడ్డాడు.

పోలీసులకు ఫోన్లు చేస్తే, ఆ మట్టిరోడ్డున చీకట్లో కదల్లేం, తెల్లారాక చూస్తామన్నారు. జీపు మాట్లాడుకుని వెళ్లేసరికి తెల్లవారింది. అప్పటికే పల్లెవాళ్లు దోనె వేసి చందుని ఒడ్డుకు తెచ్చారు. దిబ్బకు ముప్ఫై గజాల దూరంలో దొరికాడట. తలకు పాగా అలాగే ఉంది. దిబ్బ మీద ఎండుటాకులు పోగేసి, అందులో మనిషి ముడుచుకుని పడుకున్న గుంట ఉంది. వెళ్లేటప్పుడు చలికి కాళ్లు కొంకర్లు పోయి ఉంటాయి. తిరిగి ఈదే ధైర్యం లేక, ఎవరో ఒకరు వస్తారని కూర్చుని ఉంటాడు. రాత్రంతా ఎదురు చూసి, ఇక ఎవరూ రారని తెల్లారగట్ల నీళ్లలో దిగాడు. పోస్టుమార్టం చేసిన డాక్టరూ అదే చెప్పాడు, ప్రాణం పోయి ఎంతోసేపు కాలేదని.

పల్లెలో ఓ ముసలాయన తవిటయ్య పక్కన వచ్చి గొంతుక్కూర్చున్నాడు. “నిన్న పొద్దుగూకాక కేకలు వినబడ్డాయి బాబూ. ఆదివారం పూట పిక్నిక్కోళ్లు తాగి అలాగే అరుస్తారు గదా అనుకున్నాం” అన్నాడు. 

తవిటయ్య ఆ నీళ్ల వంక చూశాడు. నోరు మూసుకుని ఉంటే చాలు. ఆ ఒక్క పేరుకు పలకకుండా ఉంటే, సుందర్ రాజ్ ఇంకోసారి పిలిచేవాడు. క్యాబినులో చూసేవారు. గట్టు మీద నిలబడి కేకేస్తే దిబ్బ మీంచి చందు బదులు పలికేవాడు. పల్లెలో దోనె ఉంది. పావుగంట పని.

“లెక్క సరిపోయిందని ఎలా బయల్దేరారు? వాడి పేరుకు ఎవరు పలికారు?” అని ఎస్సై అడిగాడు. ఎవరో పలికారని అందరూ అన్నారు, ఎవరో మాత్రం తెలియదన్నారు. నిజంగానే తెలియదు. వాళ్ల చెవులకు వినబడింది చందు గొంతే. మస్టరుకి పలకడం వేరు, సొంత బావని కొండల్లో వదిలేసి తవిటయ్య పలుకుతాడని ఎవరికీ తోచలేదు, గౌరీశ్వరికి కూడా. ఎస్సై తవిటయ్య వైపు తిరిగినప్పుడు, జీపులో తోడొచ్చిన గౌరీశ్వరి స్పృహ తప్పి అతని ఒళ్లో పడి ఉంది. తవిటయ్య తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు కాదు, దీన్ని ఇల్లు చేర్చాక చెప్తాను అనుకున్నాడు. దహనమయ్యాక చెప్తాననుకున్నాడు. పదకొండో రోజు వెళ్లాక అనుకున్నాడు. చెప్పని ప్రతి రోజూ ముందటి రోజు కంటే బరువెక్కింది. మోత పనివాడికి బరువు సంగతి తెలియక కాదు. ఎక్కడ దించాలో తెలియలేదు.

నింద వేరే చోట దిగింది. “పేర్లు పిలిచింది నేనే. తల ఎత్తి చూడలేదు. తప్పు నాదే” అని సుందర్ రాజ్ రాసిచ్చాడు. కాంట్రాక్టరు అతన్ని తీసేశాడు. గౌరీశ్వరికి అదీ చాలలేదు. పదకొండు రోజులూ అయిన మర్నాడు అతని ఇంటి ముందుకు పోయి, దోసిళ్లతో మట్టి ఎత్తి గుమ్మంలోకి విసిరింది. “నా ఇంటి దీపం ఆర్పినావు. నీ ఇంట్లో ఏ సుబమూ జరక్కుండా పోను” అని శాపనార్థాలు పెట్టింది. సుందర్ రాజ్ గుమ్మంలో నిలబడి, చొక్కా మీద పడిన మట్టి కూడా దులుపుకోకుండా అంతా విన్నాడు. లోపల అతని భార్య ఫ్లోరెన్స్ ఏడుస్తోంది. చెల్లెల్ని భుజం పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది తవిటయ్యే.

ఆ తర్వాత తవిటయ్య ఎవరి పేరుకీ పలకలేదు. “ఏటి బావా, నోరు పడిపోనాదా?” అని గ్యాంగులో విసుక్కున్నారు. తన పేరు పిలిచినప్పుడు కూడా నోరు తెరవకుండా చెయ్యి ఎత్తేవాడు. ఇంట్లో భార్య కాసులమ్మ అతని తిండి తగ్గిందని, నిద్ర లేదని గొణిగేది. బావ పోయిన బెంగ అనుకుంది పాపం. చెల్లెలి ఇంటికి మాత్రం ఒక్క ఆదివారం మానలేదు. గ్యాసు బండ మోసుకెళ్లేవాడు. కారుతున్న రేకు మార్చాడు. జ్యోతిర్మయిని ఇంటర్లో చేర్పించడానికి తనే తిరిగాడు. గౌరీశ్వరి ఓ స్కూల్లో వంట పనికి కుదిరింది. అన్న వచ్చిన పూట అతనికిష్టమని చింతచిగురు పప్పు చేసి, పక్కన కూర్చుని తినిపించేది. “నువ్వే లేకపోతే నానేటైపోదునో అన్నియ్యా” అనేది. ఆ మాట వినగానే ఎత్తిన ముద్ద తిరిగి పళ్లెంలో పెట్టేసేవాడు. తిట్టే మనిషి ముందు నిలబడొచ్చు. ఇలా కొసరి కొసరి పెట్టే మనిషి ముందు కూర్చోవడం కంటే నరకం ఉందా?

ఏడాది తిరగబోతోంది. సంవత్సరీకం ఇంకా ఇరవై రోజులుందనగా ఓ సాయంత్రం గౌరీశ్వరే అతని ఇంటికి వచ్చింది. మొహం ఎర్రగా ఉంది.

“ఇన్నావా అన్నియ్యా? ఆ సుందర్రాజు కూతురు ఫ్లోరాకి పెళ్లంట. వచ్చే సోమవారం, చర్చిలో. నా మొగుడు పోయి యేడాది నిండనేదు, ఆయనింట్లో పందిరేత్తన్నారు.”

“ఏత్తే ఏయనీ గౌరీ. మనకేటి?”

“మనకేటేటి? నానెల్తాను. పెళ్లి జరిగే టయానికి ఎల్లి, అందరి ముందూ నిలబడి అడుగుతాను. నా మెళ్లో ఉండాల్సిన పుస్తెలేవని అడుగుతాను. నువ్వు నా పక్కనుండు. నువ్వుంటే నాకు బయం లేదు.”

ఆ పెళ్లికూతుర్ని తవిటయ్య ఎరుగును. చిన్నప్పుడు తండ్రికి క్యారేజీ తెచ్చి, గేటు దగ్గర నిలబడి గ్యాంగు వాళ్లందరికీ వంగి నమస్కారాలు పెట్టే పిల్ల.

మర్నాడు పని మానేసి రుషికొండ వెళ్లాడు. ఉద్యోగం పోయాక సుందర్ రాజ్ అక్కడ ఓ అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చేరాడు. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, అదే కళ్లజోడుతో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పుస్తకం, వచ్చేపోయే బళ్ల నెంబర్లు రాసుకోవడానికి. తవిటయ్యను చూసి లేచి ఇంకో కుర్చీ వేశాడు. తవిటయ్య కూర్చోలేదు. చెల్లెలు ఏం చేయబోతోందో చెప్పాడు.

సుందర్ రాజ్ చేతిలో పుస్తకం మూశాడు. “రానీ” అన్నాడు. “ఆవిడ బాధ అలాంటిది. ఫ్లోరాకి నేను చెప్పుకుంటాను.”

“మీకు కోపం లేదేటి సార్?”

“ఎవరి మీద?”

తవిటయ్య అప్పుడు మొదలుపెట్టాడు. “సార్, ఆరోజు బస్సులో...”

“తెలుసు” అన్నాడు సుందర్ రాజ్. “పధ్నాలుగేళ్లు మీ పేర్లు పిలిచాను తవిటయ్యా. మీలో ఎవరు ఎవరికి పలుకుతారో నాకు తెలియదా? చందు తను పలికితే ‘సార్’ ముందు వస్తుంది, ‘సార్, ఉన్నాను’ అంటాడు. నువ్వు పలికితే ‘ఉన్నాన్సార్’ అంటావు. తల ఎత్తితే ఎవరు లేరో కనబడుతుంది, కనబడితే టిక్కు పెట్టలేను. అందుకే ఎత్తేవాణ్ని కాదు. ఆ రోజు కూడా అంతే. నీ గొంతని తెలుసు. చందు ఎక్కడో పక్కనే ఉంటాడు, నువ్వెందుకు పలుకుతావు లేకపోతే, అనుకున్నాను.”

తవిటయ్య అప్పుడు కూర్చున్నాడు. కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుని, ఏడాదిగా ఏడవని ఏడుపు ఏడ్చాడు. లోపలికి పోతున్న కారువాళ్లు అద్దం దించి చూసి పోయారు.

“మరి పోలీసులకెందుకు సెప్పలేదు సార్? మా గౌరి మట్టి పోసినప్పుడైనా సెప్పాల్సింది గదా.”

“ఏం చెప్పమంటావు? ఆవిడకి మొగుడు పోయాడు. మీ అన్నయ్యే పలికాడమ్మా అని నేను చెబితే, ఉన్న అన్నయ్యా పోతాడు. నేను పరాయివాణ్ని. నన్ను తిట్టుకుంటే ఆవిడకి పోయేదేమీ లేదు.” కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “నువ్వు కూడా చెప్పకు. పెళ్లి రోజున ఆ తిట్లు నేను పడతాలే.”

తవిటయ్య తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. సుందర్ రాజ్ చెప్పింది మంచి మాటే. ఊరుకుంటే చెల్లెలు దక్కుతుంది. ఆదివారం చింతచిగురు పప్పు దక్కుతుంది. ఓ ఆడపిల్ల పెళ్లి జరిగే చోట, అన్నీ తెలిసిన తను, చెల్లెలి పక్కన నిలబడి ఆ ముసలాయన్ని తిట్టించాలి, అంతే. మద్దిలపాలెం దాటేసరికి తనకు అది చేతకాదని తెలిసిపోయింది. మంచివాడు కాబట్టి కాదు. ఇంకొక్క మూట కూడా ఎత్తలేడు కాబట్టి.

తిన్నగా గౌరీశ్వరి ఇంటికే వెళ్లాడు. స్కూలు నుంచి అప్పుడే వచ్చి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. జ్యోతిర్మయి కాలేజీ నుంచి ఇంకా రాలేదు. గుమ్మం లోపలికి అడుగుపెట్టి, నిలబడే చెప్పాడు. దిబ్బ మీదకి వెళ్తానని చందు తనతో చెప్పడం, లేటయితే నువ్వున్నావు గదా అనడం, తను నవ్వడం, బస్సులో పేరు పిలవడం. ఒక్కటీ దాచలేదు. తాగున్నానని కూడా సాకు చెప్పలేదు.

గౌరీశ్వరి చేటలో చెయ్యి అలాగే ఉంచి విన్నది. అతను ఆగాక అడిగింది.

“పలికింది నువ్వా?”

“నానే.”

“ఆడు ఆ దిబ్బ మీదున్నాడని నీకు తెల్సా?”

“వచ్చీసినాడనుకున్నాను గౌరీ. క్యాబిన్లో ఉన్నాడనుకున్నాను.”

“నాచేత ఆ పెద్దమనిసి మీద మట్టి పోయించినావు. పక్కన నిలబడి సూసినావు.”

 

ఆమె అరవలేదు. గుండెలు బాదుకోలేదు. తిడుతుందనీ, చేతికందింది విసురుతుందనీ, విసిరితే తల వంచి నిలబడాలనీ దారంతా సిద్ధపడి వచ్చాడు. చేట పక్కన పెట్టి లేచి, అతనికి వీపు పెట్టి, గోడ మీద చందు ఫోటో వైపు కూడా కాదు, ఉత్త గోడ వైపు చూస్తూ నిలబడింది.

“యేడాదై ప్రెతి ఆదివారమూ నీకన్నం పెట్టి, నువ్వు లేకపోతే నానేటైపోదునని అన్నాను” అంది. “ఆ మాటలు నువ్వెలాగ ఇన్నావు?”

వీధిలో జ్యోతిర్మయి సైకిలు గంట వినబడింది. గౌరీశ్వరి కొంగుతో మొహం తుడుచుకుంది.

“పిల్లకి సెప్పకు. నాకు అన్నియ్య లేడు. దానికి మావయ్య ఉండనీ.”

తవిటయ్యతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే.

సోమవారం గౌరీశ్వరి చర్చికి వెళ్లింది. ఒక్కతే వెళ్లింది. మెట్ల కింద, చెప్పులు విప్పే చోట నిలబడి, పెళ్లి అయ్యి సుందర్ రాజ్ బయటికి వచ్చేదాకా ఉంది. వచ్చాక రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆయన గబగబా మెట్లు దిగి వచ్చేలోపు తిరిగి వచ్చేసింది. ఇది తవిటయ్యకు గ్యాంగులో ఎవరో చెప్పారు. ఎందుకలా చేసిందో వాళ్లకి అర్థం కాలేదు.

సంవత్సరీకం జరిగింది. తవిటయ్య ఆదివారాలు మానలేదు, ఆమె రావద్దనలేదు. వెళ్తే అన్నం పెడుతుంది. కాకపోతే మాట నేరుగా రాదు. “అమ్మీ, మీ మావయ్యకి పీట వెయ్యి.” “గ్యాసు ఎప్పుడొత్తాదో మీ మావయ్యని అడుగు.” మనిషి రెండడుగుల దూరంలోనే కూర్చుని ఉంటాడు. అతనూ అలాగే నేర్చుకున్నాడు. “అమ్మీ, మంగళారం తెత్తానని సెప్పు.” పిల్ల మొదట్లో నవ్వింది. మీరిద్దరూ ఏటి, దెబ్బలాడుకున్నారా అని అడిగింది. తర్వాత అడగడం మానేసింది.

మొన్న ఓ ఆదివారం వెళ్లేసరికి జ్యోతిర్మయి ఇంట్లో లేదు. కాలేజీ పిల్లలతో ఎక్కడికో వెళ్లిందట, పక్కింటావిడ చెప్పింది. తవిటయ్య వెనక్కి తిరగబోయాడు. లోపల గిన్నె చప్పుడైంది. గౌరీశ్వరి పళ్లెంలో అన్నం, కూర తెచ్చి వసారాలో పీట ముందు పెట్టి, పక్కన చెంబుతో నీళ్లు పెట్టి, లోపలికి వెళ్లిపోయింది. తలుపు వెయ్యలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె మోకాళ్లు, వాటి మీద చేతులు కనబడుతున్నాయి. 

తవిటయ్య కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. వంకాయ కూర. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కూరలో ఉప్పు లేదు. ఉప్పు డబ్బా ఆమెకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. గౌరీ, రవ్వంత ఉప్పు ఇయ్యవే అని నోటిదాకా వచ్చింది. అడిగితే ఆమె జవాబు చెప్పాలి, చెప్పకపోతే అది కూడా తను వినాలి. అడగమని పంపడానికి పిల్ల ఇంట్లో లేదు. అన్నం చివరి మెతుకుదాకా అలాగే తినేసి, పళ్లెం కడిగి గోడకు బోర్లించి, చెప్పులేసుకుని వచ్చేశాడు.